‘ఏరి కాల్చివేయాలి’ అనే సిఫార్సుకు చేర్చవలసిన షరతులు: పంట వ్యర్థాల దహనం – చట్టం, అనుమతి, భద్రత

వ్యవసాయ విస్తరణ కరపత్రాలలో రెండు వాక్యాలు చాలాకాలంగా పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ‘పంట అవశేషాలను పొలంలో కాల్చరాదు’ అన్నది మొదటిది. ‘తెగులు సోకిన మొక్కలను ఏరి కాల్చివేయాలి’ అన్నది రెండవది. మొదటి వాక్యం నేల ఆరోగ్యం గురించి చెప్పే భాగంలోనూ, రెండవది సస్యరక్షణ భాగంలోనూ ఉంటుంది. రెండింటికీ శాస్త్రీయమైన ఆధారం ఉంది. అయితే ఈ రెండు వాక్యాలూ చివరకు చేరేది ఒకే రైతు చేతికి. ఏ వ్యర్థాన్ని, ఎంత మోతాదులో, ఏ వాతావరణంలో, ఎవరికి తెలియజేసి కాల్చవచ్చో, ఎప్పుడు నిప్పు జోలికే పోకూడదో తెలిపే మూడవ వాక్యం మాత్రం చాలా సందర్భాలలో ఉండదు.

ఇది కేవలం రాతలోని లోపం కాదు. యాసంగి వరి కోతలు ముగిసే ఏప్రిల్, మే నెలలలో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టి, మంట పక్క పొలానికి పాకుతుండగా ఆర్పబోయి, పొగలో చిక్కుకొని రైతులు మరణించిన వార్తలు తెలంగాణ జిల్లాల నుండి ఏటా వస్తున్నాయి. మృతులు తరచుగా వయసు పైబడినవారే. మామిడి తోటలు, ఆయిల్‌పామ్ మొక్కలు, బిందుసేద్యపు పైపులు, గడ్డివాములు దగ్ధమైన సంఘటనలు కూడా సర్వసాధారణమయ్యాయి. కాల్చవద్దన్న హెచ్చరిక ఈ రైతులలో చాలామందికి చేరింది. కాల్చేటప్పుడు మంట ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం చేరలేదు. ఈ నేపథ్యంలో పంట వ్యర్థాల దహనానికి సంబంధించిన చట్టాలను, అనుమతి పద్ధతి అమలులో ఉన్న ఒక వరి ప్రాంతపు అనుభవాన్ని, విస్తరణ సిఫార్సులకు చేర్చవలసిన షరతులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రైతు ఎందుకు కాలుస్తున్నాడు?

కూలీలతో నేలబారుగా వరి కోయించిన రోజులలో గడ్డి వాముగా మారి పశువులకు మేతయ్యేది. పొలంలో మిగిలేది పొట్టి మోడు మాత్రమే. కోత యంత్రాలు వచ్చిన తరువాత జానెడు నుండి మూరెడు ఎత్తున కొయ్యకాళ్లు నిలిచిపోతున్నాయి. యంత్రం వెనుక గడ్డి వరుసలుగా పడి, ఆ తరువాతి దుక్కికి అడ్డుపడుతోంది. పశుసంపద తగ్గిన గ్రామాలలో ఆ గడ్డిని అడిగేవారు కూడా లేరు. గడ్డిని కట్టలు కట్టే యంత్రం అద్దె, రవాణా ఖర్చు కలిపితే, అగ్గిపుల్ల ఖర్చుతో పోల్చిచూసే రైతుకు లెక్క సహజంగానే నిప్పు వైపు మొగ్గుతుంది.

ఇక్కడ ఉత్తర భారతానికీ తెలుగు రాష్ట్రాలకూ ఉన్న తేడాను గమనించాలి. పంజాబ్, హర్యానాలలో వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య రెండు మూడు వారాల వ్యవధి మాత్రమే ఉంటుంది. భూగర్భజలాల పరిరక్షణ కోసం 2009లో పంజాబ్ తెచ్చిన చట్టం వరి నాట్లను జూన్‌లోకి జరపడంతో ఆ వ్యవధి మరింత కుదించుకుపోయింది. తెలుగు రాష్ట్రాలలో వానాకాలపు వరి తరువాత యాసంగి నాట్లు వేసే కాలువ ఆయకట్టులో కొంతమేరకు ఇటువంటి ఒత్తిడి ఉన్నమాట నిజమే. కానీ యాసంగి కోత నుండి వానాకాలపు నాట్ల వరకు సాధారణంగా నెలన్నరకు పైగా సమయం దొరుకుతుంది. అంటే మంట అత్యంత ప్రమాదకరంగా ఉండే వేసవిలోనే, కాల్చవలసిన అవసరం అతి తక్కువగా ఉంటుంది. ‘సమయం లేదు’ అన్న ఉత్తరాది వాదనను వేసవి దహనానికి అన్వయించడం సరికాదు.

పురుగులు చనిపోతాయన్నది రైతులు చెప్పే మరొక కారణం. వరి కాండం తొలిచే పురుగు గొంగళి పురుగులు కోత అనంతరం దుబ్బు మొదట్లోకి, నేలకు సమీపంగా చేరి సుప్తావస్థలో ఉంటాయి. పైపైన పాకి వెళ్లే మంట వాటిలో చాలావాటిని చేరుకోలేదు. దుబ్బులను కలియదున్ని, నీరు పెట్టి మురగనివ్వడమే వాటి నిర్మూలనకు నమ్మదగిన మార్గం.

నేలకు జరిగే నష్టం: అంకెలను సరిగా చెప్పడం

టన్ను వరిగడ్డిని కాల్చితే 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం నష్టపోతామన్న అంకెలు శిక్షణ తరగతులలో విస్తృతంగా వినిపిస్తాయి. వీటిని వివరించడంలో కొంత జాగ్రత్త అవసరం. గడ్డిలో ఉన్న నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలిసిపోతుంది. గంధకంలోనూ గణనీయమైన భాగం పోతుంది. భాస్వరంలో సుమారు నాలుగవ వంతు, పొటాష్‌లో సుమారు అయిదవ వంతు మాత్రమే మంటతో పోతాయి. మిగిలినది బూడిదలోనే ఉంటుంది. అయితే యంత్రం వదిలిన వరుసల వెంట కాలిన గడ్డి బూడిద ఒకేచోట పోగవుతుంది. అది వేసవి గాలికి ఎగిరిపోతుంది, తొలకరి వానకు కొట్టుకుపోతుంది. కనుక పొలం మొత్తానికి ఆ పొటాష్ అందదు.

‘బూడిద కూడా ఎరువే కదా’ అని రైతు ప్రశ్నించినప్పుడు, పొటాష్ అంతా పోతుందని చెప్పిన విస్తరణాధికారి మాట విలువ కోల్పోతుంది. పోయేది ప్రధానంగా నత్రజని, గంధకం, సేంద్రియ కర్బనం. మిగిలేది సమంగా పరచుకోని పొటాష్. ఇదీ సరైన సమాధానం. టన్ను గడ్డితో పాటు పోయే కర్బనం సుమారు 400 కిలోలు. సేంద్రియ కర్బనం అసలే తక్కువగా ఉన్న తెలంగాణ చల్కా నేలలకు, రాయలసీమ ఎర్ర నేలలకు ఈ నష్టమే పెద్దది. దీనికి తోడు నేల పైపొరలోని సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతుంది. ఆ పొర తిరిగి కోలుకున్నా, ఏటేటా పునరావృతమయ్యే మంట ఆ అవకాశాన్ని హరిస్తుంది.

చట్టం ఏమి చెబుతోంది?

పొలంలో వ్యర్థాలను కాల్చడానికి దరఖాస్తు చేసుకొని అనుమతి పత్రం పొందే క్రమబద్ధమైన వ్యవస్థ మన దేశంలో లేదు. మన చట్టం ప్రధానంగా నిషేధం, పరిహారం, శిక్ష అనే మూడు మార్గాలలో పనిచేస్తుంది.

వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం, 1981లోని 19(5)వ సెక్షన్ ప్రకారం, వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట, ఇంధనం కాని ఏ పదార్థాన్నైనా కాల్చడాన్ని రాష్ట్ర ప్రభుత్వం కాలుష్య నియంత్రణ మండలిని సంప్రదించి, గెజిట్ ప్రకటన ద్వారా నిషేధించవచ్చు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో ఢిల్లీ, పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లకు సంబంధించిన ఉత్తర్వులో, పంట వ్యర్థాలను కాల్చిన రైతు నుండి రెండెకరాల లోపు కమతానికి రూ. 2,500, రెండు నుండి అయిదెకరాలకు రూ. 5,000, అయిదెకరాలు పైబడితే రూ. 15,000 చొప్పున పర్యావరణ పరిహారం వసూలు చేయాలని నిర్దేశించింది. దేశ రాజధాని ప్రాంతం, దాని పరిసర రాష్ట్రాల ప్రాంతాలకు వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఏర్పడిన తరువాత, 2024 నవంబరులో కేంద్రం ఈ మొత్తాలను వరుసగా రూ. 5,000, రూ. 10,000, రూ. 30,000కు పెంచింది.

తెలుగు రాష్ట్రాలలోని శిక్షణ కార్యక్రమాలలో ఈ జరిమానాలను ఇక్కడి రైతుకూ యథాతథంగా వర్తిస్తాయన్నట్లు చెప్పడం సరికాదు. ఆ కమిషన్ పరిధి ఉత్తరాది రాష్ట్రాలకే పరిమితం. అలాగని ఇక్కడ చట్టం లేదని కూడా అర్థం కాదు. నిప్పు విషయంలో నిర్లక్ష్యంగా వ్యవహరించి ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగించడం భారతీయ న్యాయ సంహిత, 2023లోని 287వ సెక్షన్ కింద నేరం. దీనికి ఆరు నెలల వరకు జైలు, రూ. 2,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 2024 జూలై 1కి ముందు భారతీయ శిక్షాస్మృతిలోని 285వ సెక్షన్ ఈ పని చేసేది. జిల్లా యంత్రాంగం దహనాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేసినప్పుడు, దాని ఉల్లంఘన ఇదే సంహితలోని 223వ సెక్షన్ కిందికి వస్తుంది. రిజర్వు అటవీ ప్రాంతంలో నిప్పు పెట్టడాన్ని, అడవికి ముప్పు కలిగే విధంగా మంటను వదలిపెట్టడాన్ని అటవీ చట్టం నిషేధిస్తుంది. పోడు భూముల అంచున ఉన్న గ్రామాలలో ఈ విషయాన్ని ప్రత్యేకంగా చెప్పవలసి ఉంటుంది.

వీధి చెత్త, పట్టణ తోటల ఆకుల విషయానికి వస్తే, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు బహిరంగ స్థలాలలో వ్యర్థాలను కాల్చడాన్ని నిషేధించాయి. అదే సంవత్సరం డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ బహిరంగ చెత్త దహనాన్ని దేశవ్యాప్తంగా నిషేధిస్తూ, సాధారణ ఉల్లంఘనకు రూ. 5,000, పెద్ద మొత్తంలో కాల్చినందుకు రూ. 25,000 పరిహారం నిర్ణయించింది. పంచాయతీ స్థలంలో, రోడ్డు పక్కన పొలం చెత్తను కుప్పవేసి కాల్చే రైతు ఈ పరిధిలోకి వస్తాడన్న సంగతి చాలామందికి తెలియదు.

అనుమతితో దహనం: శాక్రమెంటో లోయ అనుభవం

కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటో లోయ అమెరికాలో ప్రధానమైన వరి ప్రాంతాలలో ఒకటి. ఒకప్పుడు అక్కడి రైతులు కూడా కోత అనంతరం గడ్డిని పొలంలోనే కాల్చేవారు. లోయలో శరదృతువు పొగ పెరిగి పట్టణవాసుల నుండి వ్యతిరేకత రావడంతో, 1991లో వరిగడ్డి దహనాన్ని తగ్గించే చట్టం వచ్చింది. ఆ చట్టం దహనాన్ని ఒక్కసారిగా నిషేధించలేదు. అనుమతించే విస్తీర్ణాన్ని కొన్ని సంవత్సరాలపాటు దశలవారీగా తగ్గించింది. 2001 నుండి షరతులతో కూడిన దహనం మాత్రమే మిగిలింది.

ఆ షరతు వ్యవసాయ శాస్త్రవేత్తలకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. పొలంలో కాండం కుళ్లు గాని, మరొక నిర్ణీత పాము పొడ రకపు తెగులు గాని దిగుబడికి నష్టం కలిగించే స్థాయిలో ఉన్నట్లు తనిఖీలో తేలితేనే రైతుకు అర్హత లభిస్తుంది. ఈ రెండు తెగుళ్ల శిలీంధ్రాలూ గడ్డిలో, మోడులలో స్క్లీరోషియాల రూపంలో నిలిచి, మరుసటి పంటకు నీటిమీద తేలుతూ సోకుతాయి. అర్హత లభించినా, రైతు సాగుచేసిన వరి విస్తీర్ణంలో 25 శాతానికి మించి కాల్చడానికి వీలులేదు. అంటే పొలాన్ని శుభ్రం చేసుకోవడానికి కాల్చడాన్నీ, తెగులు నివారణకు కాల్చడాన్నీ చట్టమే రెండుగా విడదీసింది.

అనుమతి పత్రం చేతిలో ఉన్నంత మాత్రాన రైతు తనకు వీలైన రోజున నిప్పు పెట్టలేడు. గాలి, వాతావరణపు పొరల స్థితి, పొగ పైకి లేచి చెదిరే అవకాశం పరిశీలించి, ఆ రోజు దహనానికి అనుకూలమైనదో కాదో వాయు వనరుల మండలి ప్రకటిస్తుంది. అనుకూలమైన రోజున కూడా ప్రాంతాలవారీగా ఎన్ని ఎకరాలు కాల్చవచ్చో కేటాయింపు ఉంటుంది.

పొలం స్థాయి నియమాలు ఇంకా సూక్ష్మంగా ఉంటాయి. పరచిన గడ్డి కోత తరువాత కనీసం 3 రోజులు, వరుసలుగా పడిన గడ్డి కనీసం 10 రోజులు ఎండాలి. సుమారు 4 మిల్లీమీటర్లకు మించి వాన కురిస్తే గడ్డి తిరిగి ఎండినట్లు రుజువయ్యే వరకు కాల్చరాదు. ఆ రుజువు కోసం నియమాలలో ఒక సులభమైన పరీక్షను పేర్కొన్నారు. పొలంలో వేర్వేరు చోట్ల, గడ్డి పొర అడుగు నుండి, మధ్య నుండి గుప్పెడు గడ్డి తీసి ఒక్కసారిగా వంచాలి. చిటపట శబ్దం వస్తే ఎండినట్లు. శబ్దం లేకుండా వంగితే తేమ ఉన్నట్లు, కాల్చితే పొగ ఎక్కువగా వస్తుందని అర్థం. నిప్పును గాలి వెనుక నుండి కాక, గాలికి ఎదురుగా సాగేటట్లు పెట్టాలన్నది మరొక నియమం. దీని కారణం భద్రత భాగంలో వివరించబడింది.

ఈ చట్టం ఫలితంగా ఆ లోయలో అధికశాతం గడ్డి నేలలో కలపబడుతోంది. శీతాకాలంలో పొలాలకు నీరు పెట్టి గడ్డిని కుళ్లబెడుతున్నారు. ఆ నీటి మడులు వలస బాతులకు ఆవాసంగా మారాయి. అయితే నీటిలో కుళ్లే గడ్డి నుండి మీథేన్ వెలువడుతుంది. ఒక సమస్యకు చూపిన పరిష్కారం మరొక లెక్కను తెరుస్తుందన్న విషయాన్ని విద్యార్థులు ఇక్కడ గమనించాలి.

మన పరిస్థితికి ఎంతవరకు వర్తిస్తుంది?

వందల ఎకరాల కమతాల కోసం రూపొందిన అనుమతి వ్యవస్థను, రెండు మూడు ఎకరాల కమతాల ప్రాంతానికి యథాతథంగా తీసుకురావడం సాధ్యం కాదు. ప్రతి రైతుకూ పత్రం ఇచ్చే యంత్రాంగం ఏర్పడితే అది తనిఖీకి బదులు కాగితాల పనిగా మారే ప్రమాదం కూడా ఉంది. వాతావరణంలోనూ పెద్ద తేడా ఉంది. అక్కడ కోతలు శరదృతువులో ముగుస్తాయి. ఇక్కడ యాసంగి కోతలు 40 డిగ్రీల ఎండలో, వడగాలుల మధ్య ముగుస్తాయి. ఏప్రిల్, మే మధ్యాహ్నాలలో వరి మాగాణికి నిప్పు పెట్టడానికి సురక్షితమైన వేళ అంటూ లేదు.

అయినా ఆ అనుభవం నుండి మూడు సూత్రాలను స్వీకరించవచ్చు. మొదటిది, దహనానికి కారణాన్ని అడగడం: శుభ్రత కోసమా, తెగులు కోసమా? రెండవది, తెగులు కోసమైతే దాన్ని పొలంలో నిర్ధారించడం. మూడవది, రోజును వాతావరణం నిర్ణయించడం. మూడవ సూత్రానికి కావలసిన ఏర్పాటు కొంతవరకు మన దగ్గర ఇప్పటికే ఉంది. ప్రతి మంగళ, శుక్రవారాలలో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్లలో గాలి వేగం, దిశ, గాలిలో తేమ సూచనలు ఉంటాయి. కోతల కాలంలో వాటికి ‘ఈ వారం పొలంలో నిప్పు ప్రమాదం’ అన్న ఒక వరుస చేర్చడానికి కొత్త వ్యవస్థ అవసరం లేదు. రైతు వేదికలలో, రైతు సేవా కేంద్రాలలో దాన్ని బోర్డుపై రాస్తే సరిపోతుంది.

సస్యరక్షణ దహనం: సమంజసమైన హద్దులు

సిఫార్సులలో ‘కాల్చివేయాలి’ అన్న మాట వచ్చే సందర్భాలను పరిశీలిస్తే అవి రెండు తరగతులుగా కనిపిస్తాయి.

మొదటి తరగతిలో వ్యర్థం పరిమాణం తక్కువ, రోగకారకం నేలలో లేదా మొదళ్లలో నిలిచిపోయే స్వభావం కలది. చెరకులో ఎర్రకుళ్లు సోకిన దుబ్బులు, కొబ్బరిలో గానోడెర్మా సోకిన చెట్ల మొదళ్లు, వేర్లు, తోటలలో ఎండుతెగులు సోకి కత్తిరించిన కొమ్మలు ఇందుకు ఉదాహరణలు. వీటిని పొలంలోనే వదలడం, కంపోస్టులో వేయడం క్షేమకరం కాదు. తవ్విన గుంతలో, తక్కువ మోతాదులో, అదుపులో ఉంచి కాల్చడం సమంజసమే.

రెండవ తరగతిలో వ్యర్థం పరిమాణం పెద్దది, కాల్చకుండానే అదే ఫలితం సాధించగల మార్గం ఉంటుంది. పత్తికట్టె ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. గులాబి రంగు పురుగు జీవిత చక్రాన్ని తెంచడానికి డిసెంబరు చివరికల్లా పంటను ముగించి, కట్టెను, విచ్చని కాయలను తొలగించాలన్న సూచన ఎంతో విలువైనది. కానీ ఆ సూచనలో కీలకమైనది సకాలంలో పంటను ముగించడం, కాయలు మిగలకుండా చూడడం. దహనం అందుకు ఒక మార్గం మాత్రమే. కట్టెను యంత్రంతో ముక్కలుచేసి నేలలో కలిపితే కూడా పురుగు ఆశ్రయం కోల్పోతుంది. అదే కట్టెను కాల్చడానికని గట్టుమీద కుప్పవేసి, మార్చి వరకు అలాగే వదిలేస్తే ఆ కుప్పే పురుగుకు నిలయమవుతుంది. కాల్చమన్న సలహా, ఆలస్యమైతే, తన లక్ష్యానికే విరుద్ధంగా పనిచేస్తుంది.

వరి కొయ్యకాళ్లను ఏ తెగులు పేరుతోనూ మొదటి తరగతిలో చేర్చడానికి ఆధారం బలహీనం. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తేమ ఉన్నప్పుడు రోటావేటర్‌తో కలియదున్నడం ఇప్పటికే ప్రచారంలో ఉన్న పద్ధతి. వరిగడ్డిలో కర్బనం, నత్రజని నిష్పత్తి ఎక్కువ కనుక, కలిపిన వెంటనే నాట్లు వేస్తే పైరు పసుపుబారే అవకాశం ఉంది. కలపడానికీ నాట్లకూ మధ్య రెండు మూడు వారాల వ్యవధి ఇవ్వడం, దమ్ములో వేయవలసిన నత్రజనిని వాయిదా వేయకపోవడం ముఖ్యం. కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో దుక్కి లేకుండా మొక్కజొన్న విత్తే పద్ధతి, మాగాణి మినుము సంప్రదాయం కొయ్యకాళ్లతో సహజీవనం చేయగల సాగుకు స్థానిక నిదర్శనాలు.

ఏ పరిస్థితిలోనూ కాల్చకూడనివి కొన్ని ఉన్నాయి. మల్చింగ్ షీట్లు, బిందుసేద్యపు గొట్టాలు, పురుగుమందుల డబ్బాలు, సంచులను పొలం చెత్తతో కలిపి కాల్చితే విషవాయువులు వెలువడతాయి. పి.వి.సి. వంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ల నుండి డయాక్సిన్లు కూడా ఏర్పడతాయి.

మంట స్వభావం, ప్రాణ భద్రత

గాలి వీచే దిశలోనే సాగే మంటను గాలివాలు మంట అనవచ్చు. గాలి దాని నాలుకలను ముందున్న ఎండుగడ్డిపైకి వంచుతుంది. అందువల్ల అది మనిషి నడక కంటే వేగంగా సాగగలదు. గాలికి ఎదురుగా సాగే మంట ఎత్తు తక్కువగా ఉండి, నెమ్మదిగా కదులుతుంది. గడ్డి మరింత పూర్తిగా కాలుతుంది కనుక పొగ కూడా తక్కువ. రైతు సాధారణంగా త్వరగా ముగియాలని గాలి వెనుక వైపు నుండి నిప్పు పెడతాడు. గాలి మళ్లిన క్షణంలో అదే మంట అతని వైపు తిరుగుతుంది. పొలం నాలుగు వైపులా నిప్పు అంటించి మధ్యలో నిలవడం, ఒక్కడే కొమ్మతో కొట్టి ఆర్పబోవడం ప్రాణాంతకం. చాలా సందర్భాలలో కాలిన గాయాల కంటే ముందు పొగ, వేడి మనిషిని పడగొడతాయి. వృద్ధులు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

మొదటి తరగతికి చెందిన పరిమిత సస్యరక్షణ దహనం తప్పనిసరైనప్పుడు పాటించవలసిన నియమాలను ఈ విధంగా సంగ్రహించవచ్చు.

1. స్థానికంగా నిషేధపు ఉత్తర్వు ఉన్నదేమో ముందుగా వ్యవసాయాధికారి ద్వారా తెలుసుకోవాలి. ఉత్తర్వు ఉన్నప్పుడు తెగులు కారణం దానంతటదే మినహాయింపు కాదు.
2. తెగులును విస్తరణాధికారి పొలంలో చూసి నిర్ధారించిన తరువాతే కాల్చాలి. ఇరుగుపొరుగు రైతులకు, పంచాయతీకి ముందురోజే తెలియజేయాలి.
3. ఇళ్లు, గడ్డివాములు, విద్యుత్ తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, రహదారి, అడవి అంచులకు దూరంగా గుంత తవ్వి, దాని చుట్టూ గడ్డి లేకుండా దున్నిన పట్టీ ఉంచాలి.
4. గాలి నిలకడగా, మందంగా ఉన్న వేళను ఎంచుకోవాలి. వడగాలి రోజులలో, వేసవి మధ్యాహ్నాలలో, చీకటి పడే వేళ నిప్పు పెట్టరాదు.
5. కనీసం ఇద్దరు సమర్థులైన వ్యక్తులు, నీరు నింపిన స్ప్రేయర్లు లేదా నడుస్తున్న మోటారు, పారలు సిద్ధంగా ఉండాలి. వృద్ధులను, పిల్లలను ఈ పనికి నియోగించరాదు.
6. నైలాన్, పాలిస్టర్ దుస్తులు కరిగి ఒంటికి అతుక్కుంటాయి. నూలు దుస్తులు, పాదరక్షలు ధరించాలి. పెట్రోలు, డీజిల్ పోయరాదు.
7. కొద్దికొద్దిగా వేస్తూ కాల్చాలి. తప్పించుకునే దారి ఎప్పుడూ వెనుకే ఉండాలి.
8. మంట ఆరిన తరువాత బూడిదను నీటితో తడిపి, కలిపి, మళ్లీ తడిపి, వేడి లేదని నిర్ధారించుకొనే వరకు అక్కడి నుండి కదలరాదు.
9. మంట హద్దు దాటితే ఆర్పడానికి ఎదురువెళ్లకుండా పక్కకు తప్పుకొని 101 లేదా 112కు ఫోను చేయాలి.
10. ఒళ్లు కాలితే గాయంపై దాదాపు 20 నిమిషాలు చల్లని నీటిధార పోయాలి. పసుపు, పేస్టు, సిరా పూయరాదు. 108 వాహనానికి కబురు చేయాలి.

సిఫార్సును తిరగరాయడం

పై చర్చ నుండి విస్తరణ శాస్త్రవేత్తలకు ఒక స్పష్టమైన కర్తవ్యం ఏర్పడుతోంది. ‘ఏరి కాల్చివేయాలి’ అన్న మాట వచ్చిన ప్రతి సిఫార్సునూ పంటలవారీగా పరిశీలించి, అది ఏ తరగతికి చెందుతుందో నిర్ణయించాలి. రెండవ తరగతికి చెందినదైతే ‘ముక్కలుచేసి నేలలో కలపాలి’ అనో, ‘పొలం బయటకు తరలించాలి’ అనో మార్చాలి. మొదటి తరగతికి చెందినదైతే ఆ మాటను అలాగే ఉంచి, దాని పక్కనే షరతు చేర్చాలి. ఉదాహరణకు ఎర్రకుళ్లు విషయంలో ఇలా రాయవచ్చు: ‘తెగులు సోకిన దుబ్బులను వేర్లతో తవ్వితీసి, పొలం చివర గుంతలో, గాలి మందంగా ఉన్న ఉదయం వేళ, ఇద్దరి పర్యవేక్షణలో, నీరు దగ్గర ఉంచుకొని కాల్చాలి, మిగిలిన చెరకు ఆకును కాల్చకుండా సాళ్ల మధ్య పరచాలి.’ కరపత్రంలో రెండు వరుసలు పెరుగుతాయి. రెండు పరస్పర విరుద్ధ వాక్యాల మధ్య రైతు తనకు తోచినది ఎంచుకోవలసిన అవసరం తొలగిపోతుంది.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలకు వెళ్లే విద్యార్థులు ఈ పనిలో తోడ్పడగలరు. తాము ఉండే గ్రామంలో ఏ పంట వ్యర్థం ఏ నెలలో, ఏ కారణంతో కాలుతున్నదో నమోదు చేయవచ్చు. కారణాల వరుసలో ‘దుక్కికి అడ్డు’, ‘తెగులు’, ‘యంత్రం దొరకలేదు’, ‘గడ్డి అడిగేవారు లేరు’ అన్న గడులు ఉంటే చాలు. యంత్రం దొరకక కాల్చిన పొలాలు ఎక్కువైన గ్రామానికి కావలసింది అద్దె యంత్రాల కేంద్రం. తెగులు భయంతో కాల్చిన పొలాలు ఎక్కువైన గ్రామానికి కావలసింది తెగులును గుర్తించగల మనిషి. ఈ తేడా తెలియకుండా రెండు గ్రామాలలోనూ ఒకే నిషేధాన్ని చదివి వినిపిస్తే, ఆ వేసవిలో కూడా కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే రైతు ఒంటరిగానే పొలంలోకి దిగుతాడు.